రిటైరైన సిపాయికి ఆస్పత్రిలో కుర్చీ ఏదీ?

(ప్రొద్దుటూరు సభలో చేసిన ప్రసంగ పాఠం. జమ్మలమడుగు, పులివెందుల పల్లెల నుంచి వచ్చిన మాజీ సైనికులు, వాళ్ళ ఇండ్ల ఆడవాళ్ళు, కూలీలు, కార్యకర్తలు ఈ సభలో ఉన్నారు. మాజీ సైనికుల క్లినిక్‌లో పనిచేసిన దళిత వైద్య బృందం తరఫున ఈ మాటలు చెప్పినాం.)



మమ్మల్ని ఈ సభకు పిలిచినప్పుడు కొందరు మిత్రులు ఒక మాటన్నారు. "భూమి సమస్య ఉండాది, శ్మశానం సమస్య ఉండాది, కూలిరేట్ల సమస్య ఉండాది. ఇప్పుడు మిలిటరీ ఆస్పత్రి సంగతి ఎందుకు?" అని. మేము చెప్పేది ఒకటే. భూమి లేనోడికి ఉండే ఆస్తి వాని ఒళ్ళే. మన పల్లెల పిలకాయలు ఆ ఒళ్ళు తీసుకపోయి మిలిటరీకి ఇచ్చినారు. పదిహేను, పదిహేడేళ్ళు వాడుకోని తిరిగి ఇంటికి పంపినారు. ఆ ఒళ్ళుకి ఇప్పుడు జవాబుదారీ ఎవరు? ఇది భూమి సమస్య కంటే తక్కువేమీ గాదు.

మన మాలపల్లెలో, మాదిగపల్లెలో "మిలిటరీ ఆయన" అని ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళు దేశభక్తి పాటలు విని పోయినోళ్ళు గాదు. మూడు పూట్లా బువ్వ, కాళ్ళకు బూట్లు, నెలకు జీతం, పేరు చివర్న 'రా' 'ఒరే' లేకుండా పిలుపు. వీటికోసం పోయినారు. తప్పేముంది? బాబాసాహెబ్ నాయన రాంజీ సక్పాల్ కూడా సుబేదారే. బాబాసాహెబ్ 1891లో పుట్టింది మహూ మిలిటరీ కంటోన్మెంటులో. 1818 జనవరి 1న కోరేగావ్‌లో పేష్వా సైన్యం మీద నిలబడి పోరాడిన సిపాయిల్లో మహర్లు ఉన్నారు. అదే మహర్లని ఆ తర్వాత బ్రిటిషోళ్ళు "మీది యుద్ధం చేసే జాతి గాదు" అని 1890ల్లో చేర్చుకోవడం మానేసినారు. పనికొచ్చినప్పుడు వీరుడు, పని అయిపోయినాక అంటరానోడు. మహర్ రెజిమెంటు 1941లో మళ్ళీ లేచిందంటే దాని వెనక బాబాసాహెబ్ పట్టుదల ఉంది.

సరే, ఫౌజు నుంచి ఇంటికొచ్చినాక ఏమైతాంది?

పథకం ఏమి చెప్తుంది

మాజీ సైనికులకి 2003 ఏప్రిల్ 1 నుంచి ఈసీహెచ్‌ఎస్ అనే ఆరోగ్య పథకం ఉంది. పింఛను తీసుకునే మాజీ సైనికుడు, ఆయన భార్య, ఆయన మీద ఆధారపడిన పిల్లలు, తల్లిదండ్రులు దీని కిందికి వస్తారు. ఒక్కసారి డబ్బు కడితే బతికినన్నాళ్ళూ చూడాల. 1996 జనవరి 1కి ముందే రిటైరైనోళ్ళు, యుద్ధంలో భర్త పోయిన ఆడవాళ్ళు ఆ డబ్బు కట్టే పని లేదు. పాలిక్లినిక్‌లో డాక్టరు చూస్తాడు, మందులిస్తారు, పెద్ద జబ్బైతే ఒప్పందం ఉన్న ఆస్పత్రికి చీటీ రాసి పంపిస్తారు.

ఆరోగ్యశ్రీకీ దీనికీ తేడా తెలుసుకోండి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. దాని గురి ముఖ్యంగా ఆపరేషన్లు, పెద్ద జబ్బులు. బీపీ గోలీ, సుగర్ గోలీ నెలనెలా ఇచ్చి మనిషిని ఆపరేషన్ దాకా పోనీకుండా కాపాడే పని పాలిక్లినిక్‌ది. ఆ పని చప్పుడు లేని పని. ఫోటోకి రాదు. కానీ ప్రాణం నిలబడేది దానితోనే.

మన జిల్లా పాలిక్లినిక్ కడపలో ఉంది. ప్రొద్దుటూరు నుంచి 50 కిలోమీటర్ల పైచిలుకు. జమ్మలమడుగు, పులివెందుల నుంచి 70 దరిదాపు. పల్లె నుంచి టౌనుకి ఆటో, టౌను నుంచి కడపకి బస్సు, మళ్ళా ఆటో. ముసలాయనకి తోడు ఒకరు రావాల. అంటే ఒకరి కూలి పాయె. ఉచితం అంటారు గానీ, పేదోనికి దూరమే ఫీజు.

డాక్టరు చేతిలో ఉండేది మూడే

మేము పనిచేసిన క్లినిక్ ఈ జిల్లాది గాదు. మాలో ఒకరు డాక్టరు, ఒకరు నర్సు, ఒకరు ఫార్మసిస్టు. అందరమూ కాంట్రాక్టు మీదే. ఆఫీసు వ్యవహారమంతా ఆఫీసర్ ఇన్‌చార్జి చేతిలో ఉంటాది. వైద్యానికి పెద్ద మాత్రం డాక్టరు. ఉద్యోగం గడువు పొడిగిస్తారో లేదో తెలియని డాక్టరుకి నాయకత్వం ఏంది అని మీరడగొచ్చు. మేమూ అట్లే అనుకున్నాం. పనిలో దిగినాక తెలిసింది, మూడు సంగతులు డాక్టరు చేతిలోనే ఉంటాయి: కుర్చీ, వరుస, కలం.

కుర్చీ సంగతి. సిపాయి లోపలికి వస్తాడు, అటెన్షన్‌లో నిలబడతాడు. "ఎట్లుండావు?" అంటే "ఠీక్ సాబ్" అంటాడు. కాలికి పుండు ఉండాది, సుగరు మూడొందలు దాటింది, అయినా ఠీక్ సాబే! ఒకపక్క మిలిటరీ నేర్పిన అలవాటు, ఇంకోపక్క పల్లెలో పెద్దిండ్ల ముందర నిలబడిన తరతరాల అలవాటు. రెండూ కలిసి మనిషి నోరు కట్టేస్తాయి. మేము మొదట చేసిన పని, నిలబడిన మనిషితో మాట్లాడం అని తీర్మానం చేసుకోవడం. కూర్చున్నాకనే ప్రశ్న. బూట్లు, సాక్సులు విప్పించి పాదాలు చూసేది. మాల సిపాయి పాదం డాక్టరు చేత్తో పట్టుకోని చూస్తే, ఆయన కండ్లలో నీళ్ళు తిరిగింది మేం ఒకసారి గాదు, చానాసార్లు చూసినాం. అంతకు ముందు ఆ పాదాన్ని ఎవరూ ముట్టలేదు.

చెవుల సంగతి కూడా చెప్పాల. ఫిరంగుల దగ్గర, తుపాకుల దగ్గర పనిచేసినోళ్ళకి మొదట పోయేది సన్న గొంతులు వినే శక్తి. ఆడవాళ్ళ మాట, చిన్నపిల్లల మాట వినపడదు. ఇంట్లో ఏమనుకుంటారు? "పింఛను వస్తాందని పొగరు, పలకడు" అనుకుంటారు. ఆయనేమో అందరూ తనను చిన్నచూపు చూస్తాండారని తాగడానికి కూచుంటాడు. కొందరు నిద్రలో ఉలిక్కిపడి లేస్తారు. దానికి గాలి సోకిందని తాయెత్తు కడతారు. ఇవి జబ్బులు. మందు ఉంది, మిషను ఉంది, మాట సాయం ఉంది. అమ్మలారా, మీరు కూడా ఆయనతో పాటు డాక్టరు గదిలోకి రండి. ఆయన చెప్పని సంగతి మీరే చెప్పగలరు.

వరుస సంగతి. మేము చేరేటప్పటికి ఆ క్లినిక్‌లో హోదాను బట్టి లోపలికి పంపే అలవాటు ఉండేది. పొద్దున 7 గంటలకి వచ్చిన సిపాయి భార్య పదకొండుకీ బయటే. పదిన్నరకి వచ్చిన పెద్ద ర్యాంకు ఆయన నేరుగా లోపల. మేము టోకెన్లు పెట్టినాం. ప్రాణం మీదికి వచ్చినోళ్ళు ముందు, తర్వాత ముసలోళ్ళు, నడవలేనోళ్ళు, దూరం నుంచి బస్సెక్కి వచ్చినోళ్ళు, తర్వాత వచ్చిన వరుస. ఒక రిటైర్డ్ సుబేదారు లేచి, "వాడపల్లోడి తర్వాత నేను కూర్చోవాల్నా?" అన్నాడు. ర్యాంకు పేరు మీద వచ్చిన కోపం కులం పేరు మీద బయటపడింది. "అయ్యా, రక్తపోటుకి ర్యాంకు తెలీదు, మీకు ఎక్కువుంటే మిమ్మల్నే ముందు చూస్తాం" అని చెప్పినాం. పైకి ఫిర్యాదు పోయింది. మేము రిజిస్టరు చూపించినాం. ఎవరు ఎన్ని గంటలకు వచ్చినారో, ఎన్ని గంటలకు చూసినామో రాసిపెట్టిన లెక్క. ఆ లెక్క ముందర ఫిర్యాదు నిలవలేదు. కార్యకర్తలు ఈ మాట గుర్తు పెట్టుకోండి. కోపం మనల్ని కాపాడదు, రాసిపెట్టిన లెక్క కాపాడుతుంది.

కలం సంగతి. పెద్ద ఆస్పత్రికి చీటీ రాసేది డాక్టరు కలమే. "వయసైంది, ఇంకేం చేస్తాంలే" అని రాయకుండా వదిలేసే కలం కూడా అదే. మందు క్లినిక్‌లో లేకపోతే, లేదని రాసిచ్చి బయట కొనుక్కోని బిల్లు పెట్టుకునే దారి ఉంది. ఆ మాట రోగికి చెప్పకపోతే, ఉన్న హక్కు లేనట్టే.

ఇంకొక సంగతి. రోజూ పొద్దున పది నిమిషాలు అందరమూ కూర్చునేవాళ్ళం. నర్సు, ఫార్మసిస్టు, ల్యాబు ఆయన, డ్రైవరు, ఊడ్చే అమ్మ కూడా. ఎవరు నెల మందులకి రాలేదు, ఎందుకు రాలేదు అని మాట్లాడేది. మొదట్లో ఆ అమ్మ గడప దగ్గర నిలబడేది. కుర్చీ వేసినాం. ఒక జవాను భార్య బాత్రూములో పడిపోయి ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయిన సంగతి చెప్పింది ఆమే. డాక్టరుకి తెలియనిది ఊడ్చే మనిషికి తెలుసు. అమెరికాలో మాజీ సైనికుల క్లినిక్‌లు 2010 నుంచి ఇట్లా జట్టుగానే పనిచేసే పద్ధతికి మారినాయి. డాక్టరు ఒక్కడే రాజు గాదు.

టస్కీగీ చెప్పే పాఠం

అమెరికా అంటే ఒక కథ చెప్పాల. మొదటి ప్రపంచ యుద్ధంలో మూడున్నర లక్షలకు పైగా నల్ల సైనికులు పనిచేసినారు. గాయాలతో, క్షయతో తిరిగొస్తే తెల్లోళ్ళ ఆస్పత్రుల్లో చోటు లేదు. 1923 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రం టస్కీగీలో నల్ల సైనికుల కోసం ఆస్పత్రి తెరిచినారు. రోగులు నల్లోళ్ళు. డాక్టర్లుగా, అధికారులుగా ఉండేది మాత్రం మేమే అని తెల్లోళ్ళు పట్టుబట్టినారు. జీతాలు వాళ్ళకి, జబ్బులు వీళ్ళకి! కూ క్లక్స్ క్లాన్ ముఠా ఊరేగింపు తీసి బెదిరించింది. నల్లజాతి సంఘాలు, డాక్టర్లు వెనక్కి తగ్గలేదు. 1924లో నల్ల డాక్టరు జోసెఫ్ వార్డ్ ఆ ఆస్పత్రికి అధిపతి అయినాడు. ఆయన కూడా యుద్ధంలో పనిచేసి వచ్చిన సైనిక వైద్యుడే.

ఆ పాఠం మనకి పనికొస్తుంది. ఆస్పత్రి కట్టిస్తే సరిపోదు. అందులో కుర్చీ మీద ఎవరు కూచుంటారు అనేది కూడా కొట్లాడి తేల్చుకోవాల్సిన సంగతే. జమ్మలమడుగు కాంబెల్ ఆస్పత్రిని లండన్ మిషన్ డాక్టరు కాంబెల్ పేరుతో మన ముసలోళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. సంతోషమే. కానీ ఎన్నాళ్ళు బయటినుంచి వచ్చిన దయగలోడి కోసం చూస్తాం? మన పిల్లలు డాక్టర్లు కావాల. అయినాక పల్లె దారి మర్చిపోకూడదు.

లెక్కలోకి రానోళ్ళు

అన్నిటికంటే బాధ, కార్డే లేనోళ్ళది. మా దగ్గరికి ఒక అవ్వ వచ్చింది. భర్త సిపాయి, చనిపోయినాడు. మిలిటరీ రికార్డులో ఆమె పేరు సుబ్బమ్మ. బాప్తిస్మం తీసుకున్నాక మరియమ్మ. ఆధార్‌లో మరియమ్మే. ఇద్దరూ ఒకరే అని రుజువు తెమ్మన్నారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు పుణ్యమా అని మతం మారితే ఎస్సీ హోదా పోతుందని మన జనం రెండు పేర్లతో బతుకుతాండారు. ఆ రెండు పేర్ల మధ్య అవ్వ మందులు ఇరుక్కున్నాయి. కాగితాలు సరిచేయించడానికి ఎనిమిది నెలలు పట్టింది. అంతవరకు ఆమె బీపీ ఆగుతుందా?

ఇంక కొత్త తరం. పొద్దున నాలుగ్గంటలకి గ్రౌండులో పరుగెత్తే మన పిలకాయల్ని చూడండి. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ కింద నాలుగేళ్ళే ఉద్యోగం. నూటికి 25 మంది దాకా ఉంచుకుంటారు, మిగిలినోళ్ళు ఇంటికి. చేతికి కొంత మొత్తం ఇస్తారు. పింఛను లేదు, మాజీ సైనికుడు అనే హోదా లేదు, ఈ పాలిక్లినిక్ లేదు. 2022 ఆఖర్లో చేరిన మొదటి జట్టుకి 2026 ఆఖరుతో నాలుగేళ్ళు నిండుతాయి. చేరొద్దని మేం చెప్పం. పనులు లేని చోట ఆ మాట చెప్పే హక్కు మాకు లేదు. కానీ నాలుగేళ్ళ తుపాకీ చప్పుడుకి చెవి దెబ్బతింటే ఎవరు చూస్తారు అని అడిగే హక్కు అందరికీ ఉంది.

పల్లెకి పోయి చేయాల్సిన పని

ఒకటి. ప్రతి పల్లెలో పింఛను తీసుకునే మాజీ సైనికుల, వాళ్ళ వితంతువుల పట్టిక రాయండి. కార్డు ఉందా, పేరు ఒకటేనా చూడండి. తేడా ఉంటే భర్త బతికుండగానే సరిచేయించండి.

రెండు. ప్రాణం మీదికొస్తే దగ్గరున్న ఆస్పత్రిలో చేర్చండి. ఒప్పందం లేని ఆస్పత్రైనా సరే, 48 గంటల్లోపల పాలిక్లినిక్‌కి తెలియజేయండి. బిల్లులన్నీ దాచండి. ప్రభుత్వ రేట్ల ప్రకారం డబ్బు వెనక్కి అడగొచ్చు.

మూడు. నెలకొకసారి నలుగురైదుగురు కలిసి ఒకే బండిలో పోండి. ఒంటరిగా పోయినోడు గడప దగ్గర నిలబడతాడు, నలుగురు పోతే కుర్చీ వస్తుంది.

నాలుగు. వారానికొకరోజు డాక్టరు, మందులు ప్రొద్దుటూరుకో, జమ్మలమడుగుకో, పులివెందులకో రావాలని సంతకాలతో అర్జీ పెట్టండి. అర్జీతో పాటు పట్టిక జోడించండి.

బాబాసాహెబ్ నాయన సుబేదారుగా రిటైరైనా, ఆయన బిడ్డ బళ్ళో గోనెపట్టా మీద విడిగా కూర్చున్నాడు. హోదా ఇంటిదాకా రాలేదు. మన మిలిటరీ ఆయనకి కూడా దేశం ఇచ్చిన హోదా కంటోన్మెంటు గేటు దగ్గరే ఆగిపోతాంది. దాన్ని పల్లెదాకా, ఆస్పత్రి కుర్చీదాకా తీసుకరావాల్సిన పని మనది. పట్టిక రేపే మొదలుపెట్టండి.

జై భీమ్!