చెప్పుకొను హక్కు, కాదను హక్కు

నార్వే, స్వీడన్, ఫిన్లండు దేశముల ఉత్తరభాగములందును, రష్యాలోని కోలా ద్వీపకల్పమందును సామీ అను ఆదిమజాతివారు తరతరములుగా నివసించుచున్నారు. వారిలో కొందరికి రెయిన్‌డీరు మందల పెంపకమే జీవనాధారము. రెయిన్‌డీరు మంచునేలలలో తిరుగు ఒక జాతి దుప్పి. చలికాలమున అది గిట్టలతో మంచును త్రవ్వి, అడుగుననున్న లైకెన్ అను నాచువంటి మేతను తిని బ్రతుకును.

ఈ బ్రతుకునకు నేడు రెండు వైపులనుండి ముప్పు వాటిల్లినది. మొదటిది శీతోష్ణస్థితిలో వచ్చిన మార్పు. 1979 నుండి ఉత్తర ధ్రువప్రాంతము భూగోళపు సగటుకంటె సుమారు నాలుగు రెట్లు వేగముగా వేడెక్కినదని 2022లో ప్రకటితమైన ఒక పరిశోధన తేల్చినది. అందుచేత నడి శీతకాలమున మంచుకు మారుగా వాన కురియుట కలదు. ఆ నీరు గడ్డకట్టి మేతపై గాజుపలకవలె పరచుకొనును. గిట్టలు దానిని పగులగొట్టజాలవు. కాళ్ళక్రింద మేత యుండియు మంద పస్తుండును. ఈ వేడిమికి కారణమైన పొగలో ఆ కాపరుల వాటా మిక్కిలి స్వల్పము.

రెండవ ముప్పు ఇంతకంటె విచిత్రమైనది. అది వ్యాధివలన గాక మందువలన వచ్చినది. దానిని గ్రహించుటకు కొంత పూర్వచరిత్ర తెలియవలెను.

ఆల్టా నదిపై జలవిద్యుత్తుకై ఆనకట్ట కట్టుటకు నార్వే ప్రభుత్వము నిశ్చయించినపుడు సామీలు ఎదిరించిరి. 1979లో ఓస్లో నగరమున పార్లమెంటు భవనము నెదుట గుడారము వేసి నిరాహారదీక్ష పూనిరి. 1981లో వందలకొలది పోలీసులు వచ్చి, నిర్మాణస్థలమున అడ్డుకూర్చున్న వారిని తొలగించిరి. 1987లో ఆనకట్ట పూర్తియైనది. అయినను ఆ పోరాటము వృథపోలేదు. ఆ సంవత్సరమే సామీ చట్టము వచ్చినది. 1988లో రాజ్యాంగము సవరింపబడినది. 1989 అక్టోబరు 9వ తేదీన ఐదవ ఓలావ్ రాజు కరాషోక్‌లో సామీ పార్లమెంటును ప్రారంభించెను. అందు నాలుగేండ్లకొకసారి సామీలే ఎన్నుకొను 39 మంది సభ్యులుందురు. తమకు సంబంధించిన ప్రతి విషయమునందును ఆ సభ తన అభిప్రాయము చెప్పవచ్చును. ప్రభుత్వము సంప్రదింపవలెను. కాని సంప్రదించుట వేరు, సమ్మతి పొందుట వేరు.

ఆ భేదము ఫోసెన్ ద్వీపకల్పమున బయటపడినది. అచ్చటి స్టోర్‌హేయా, రోఆన్ అను తావులు రెయిన్‌డీరుల శీతకాలపు మేతభూములు. అందు గాలిమరలు నిలుపుటకు 2010లో అనుమతి లభించి, 2013లో ఖరారైనది. పొగలేని విద్యుత్తు తీయుట మంచి పనియే. కాని మరలున్న తావునకు మందలు చేరవని కాపరులు మొరపెట్టి న్యాయస్థానముల కెక్కిరి. 2018లో ఐక్యరాజ్యసమితి జాతివివక్షా నిర్మూలన సంఘము స్టోర్‌హేయా పని నిలుపుమని కోరినను నిర్మాణము ఆగలేదు. మొత్తము 151 మరలు లేచినవి. 2021 అక్టోబరు 11న నార్వే సర్వోన్నత న్యాయస్థానమున 11 మంది న్యాయమూర్తులును ఏకగ్రీవముగా ఆ అనుమతులు చెల్లవనిరి. శీతోష్ణస్థితి రక్షణకై కాపరులకు ఇంత హాని చేయని ఇతర మార్గములను ఎంచుకొనవచ్చునని తీర్పు చెప్పినది.

తీర్పు వచ్చి 500 దినములు గడచినను మరలు తిరుగుచునే యుండెను. 2023 ఫిబ్రవరిలో సామీ యువజనులు ఇంధన మంత్రిత్వశాఖ భవనమున బైఠాయించిరి. మార్చిలో ప్రభుత్వము క్షమాపణ చెప్పినది. 2023 డిసెంబరులోను, 2024 మార్చిలోను ఒడంబడికలు కుదిరినవి. వేరు మేతభూమి, ధనము లభించినవి, మరలు నిలిచినవి. ప్రస్తుతపు గడువు తీరిన పిమ్మట స్టోర్‌హేయా మరలను కొనసాగింపవలెనన్న దక్షిణ ఫోసెన్ కాపరుల సమ్మతి కావలెను. మొదట అడుగవలసినది ఈ మాటయే గదా!

ఈ ప్రశ్న మనకును దూరమైనది కాదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 7, తెలంగాణ శాసనసభలో 12 స్థానములు షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకింపబడినవి. షెడ్యూల్డు ప్రాంతములలో భూసేకరణకు ముందు గ్రామసభనుగాని తగిన పంచాయతీనిగాని సంప్రదింపవలెనని 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టము చెప్పుచున్నది. 2013లో మన సర్వోన్నత న్యాయస్థానము ఒడిశాలోని నియంగిరి కొండపై బాక్సైటు గనుల విషయమును గ్రామసభలకే విడిచినది. 12 గ్రామసభలును వలదనెను. 2014లో కేంద్రప్రభుత్వము అనుమతి నిరాకరించినది. నేడు ఎండనుండి, గాలినుండి తీసిన విద్యుత్తును నిలువచేయుటకై, నీటిని కొండపైకి తోడు పథకములు తూర్పుకనుమల గిరిజన ప్రాంతములందును ప్రతిపాదింపబడుచున్నవి. ఇవియు పొగలేని పనులే. కావుననే అడుగనక్కరలేదనిపించుట సులభము.

లోకమును కాపాడుటకు గాలిమరలు కావలెను, జలాశయములు కావలెను. ఎవరి నేలపైన అను ప్రశ్నకు మాత్రము ఆ నేలవారే ఉత్తరమీయవలెను. వారు ఔనన్న యెడల అది సహకారము. కాదను వీలే లేనిచోట సభలో ఎన్ని స్థానములున్నను వారు ప్రేక్షకులే. కాదనుటకు వీలున్ననాడే ఔనను మాటకు విలువ యుండును.