సినిమాలలో కత్తియుద్ధములు



ఒంగోలునకు తూర్పున సముద్రపుటొడ్డున నున్న కొత్తపట్నము మా యూరు. నా బాల్యమున అచ్చట మా పెదతండ్రిగారు పడుచువాండ్రకు కఱ్ఱసాము నేర్పుచుండిరి. 1967లో విఠలాచార్యగారి 'చిక్కడు దొరకడు' వెలువడగా, టూరింగు టాకీసున మే మిరువురమును చూచితిమి. రామారావుగారును కాంతారావుగారును కత్తులు దూయగనే జనులు ఈలలు వేసిరి. పెదతండ్రిగారు మాత్రము, "చేతులు బాగానే ఉన్నాయి. కాళ్లేవిరా అబ్బాయీ?" యనిరి.

నాకు కోపము వచ్చినది. లోకమంతయు 'కత్తి కాంతారావు' అని కొనియాడు నటునికి తప్పుపట్టుటకు వీరెవరు?

చదువుకొన్నవారు మన జానపదచిత్రములను నిందించుట వేఱొక కారణమున: రసము నిలువదని. 1951లో కె.వి. రెడ్డిగారు తీసిన 'పాతాళభైరవి'లో రంగారావుగారి నేపాళ మాంత్రికుడు భయము గొల్పుచుండగా, నడుమ రేలంగిగారు వచ్చి నవ్వింతురు. ఇది దోషమని నేనొప్పను. తెల్లవార్లును సాగు తోలుబొమ్మలాటలో రావణుని వెనువెంటనే జుట్టుపోలిగాడును బంగారక్కయు వత్తురు గదా! కునికిపాట్లు పడువానిని లేపవలదా?

పెదతండ్రిగారి మాట నాకు బోధపడినది చాల యేండ్లకు. 1978లో హాంకాంగున యూన్ వూపింగ్ తీసిన 'డ్రంకెన్ మాస్టర్' చిత్రమును చూచితిని. అందును హాస్యము, పోరాటము కలగాపులగమే. కాని నాయకుడగు జాకీ చాన్ పీకింగు పద్ధతి సంగీతనాటకము నేర్పు పాఠశాలలో చిన్ననాటినుండి పల్టీలు, నడకలు సాధన చేసినవాడు. త్రాగినవానివలె తూలుచునే కొట్టును. ఆ తూలుటయే నవ్వు, ఆ తూలుటయే దెబ్బ. కెమెరా దూరముగ నిలిచి తలనుండి పాదములవరకును చూపును. మన చిత్రములలో తఱచుగ నవ్వించువాడు వేఱు, పోరాడువాడు వేఱు. కత్తికి కత్తి తగిలినప్పుడు ముఖమును చూపి, అడుగును విడిచెదరు. కాంతారావుగారి తప్పు కాదిది. మన నాటకములలో పద్యమునకు జరిగిన సాధన అడుగునకు జరుగలేదు.

ఆ సినిమా చూచిన రాత్రి పెదతండ్రిగారు నన్ను తడియిసుకపై నిలిపి, కఱ్ఱ చేతికీయక, అడుగులు మాత్రమే వేయించిరి. అవి పండ్రెండు. నా కిప్పుడు ఎనిమిదే జ్ఞాపకమున్నవి. వారు గతించిరి, వారి శిష్యులును లేరు. మీ యూళ్లలో తక్కిన నాలుగును ఎఱిగిన వృద్ధు లెవరైన నున్నచో, ఈ సంక్రాంతికి పిల్లలచేత వేయింపుడు.