పునరుత్థానం నమ్మేవాళ్ళకి ఆరడుగుల నేల అక్కర్లేదా?

(కోనసీమలోని ఒక పేటలో, ఒక పెద్దావిడ ఆదరణ కూడికలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఆదరణ కూడికలో బడిపంతులు మాట్లాడ్డమేంటని కొందరికి అనిపించొచ్చు. నన్ను పిలిచింది పోయిన పెద్దమ్మ కొడుకులు. "మేష్టారూ, వాక్యం అయ్యగారు చెప్తారు. మొన్న గొయ్యి దగ్గర జరిగిందాని గురించి మీరు మాట్లాడండి" అన్నారు. అందుకే నిలబడ్డాను.

మొన్న రానివాళ్ళ కోసం చెబుతున్నాను. మూడు రోజులుగా వాన. మురుగు కాలవ గట్టు పక్కన మనకున్న కాస్త చోట్లో గొయ్యి తవ్వితే రెండడుగులకే నీళ్ళూరాయి. బకెట్లతో తోడారు. తోడినకొద్దీ ఊరాయి. పెట్టె దింపితే తేలిపోయింది. నలుగురు కుర్రాళ్ళు గోతిలోకి దిగి, ఆ పెట్టె మీద కాళ్ళు పెట్టి తొక్కిపట్టుకుంటే, మిగతావాళ్ళు బురద మట్టి పోశారు. కన్నతల్లి పెట్టె మీద కాలు పెట్టాల్సి వచ్చిన కొడుకు ఇక్కడే కూర్చున్నాడు. బతికినంతకాలం మోకాల్లోతు నీళ్ళలో వంగి ఊడ్పులు ఊడ్చిన మనిషి, చచ్చిపోయాక కూడా నీళ్ళలోనే పడుకుంది.

తిరిగి వస్తుంటే దారిలో ఒకాయన అన్నాడు: "పోన్లెండి, ఆత్మ ప్రభువు దగ్గరికెళ్ళిపోయింది. మట్టి ఎక్కడ కలిస్తే ఏముంది?" ఆయన మంచి మనసుతోనే అన్నాడు, ఓదార్చాలనే అన్నాడు. కానీ ఆ మాట నాకు రెండు రాత్రులు నిద్రపట్టనివ్వలేదు. అది నిజంగా ఆదరణేనా, లేకపోతే మన నోరు మనమే మూసుకోడానికి నేర్చుకున్న మాటా?

నా సొంత సంగతి ఒకటి చెప్తాను. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. తూర్పుగోదావరిలో వెయ్యిమందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. మా పాక గోడ కూలి మా తాత చనిపోయాడు. పేటంతా నీళ్ళు. పొడి నేల ఎక్కడుంది? కాలవ గట్టు మీద పూడ్చాం. పన్నెండేళ్ళ తర్వాత గట్టు వెడల్పు చేస్తూ పొక్లెయిను పెట్టి తవ్వేశారు. ఒక్క మాట చెప్పినవాడు లేడు. మా తాత సమాధి ఎక్కడని మా పిల్లలడిగితే ఇవాళ నేను చూపించలేను. చదువుకున్నాను, డిగ్రీ చేశాను, ఉద్యోగం చేస్తున్నాను. ఐనా మా తాతకి ఆరడుగుల నేల నిలబెట్టలేకపోయాను.

ఆ తుపాను తర్వాత వచ్చిన ఆదివారం, పైకప్పు ఎగిరిపోయిన గుళ్ళో తడి నేల మీదే కూడుకున్నాం. అప్పట్లో వచ్చిన బోధకుడు, ఇదంతా మన పాపాలకి దేవుని ఉగ్రత అని చెప్పాడు. అందరూ తలలొంచుకున్నారు. మా మామ్మ మాత్రం లేచి నిలబడింది. అక్షరం ముక్క రాని మనిషి. "అయ్యగారూ, దేవుడికి కోపమొస్తే పేటొక్కటే కనబడతాదా అండీ? మెరక మీద మేడలున్నోళ్ళు ఏ పాపం చెయ్యలేదాండీ?" అంది. ఆయన దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్నలో మన డెల్టా చరిత్రంతా ఉంది. ఊరు మెరక మీద ఉంటది, పేట పల్లంలో ఉంటది. ఊళ్ళో నీళ్ళు దిగేది మన పేట మీదుగానే. గాలి అందరికీ ఒకేలా వీస్తది గానీ మేడ నిలుస్తది, పాక పడిపోద్ది. దాన్ని పాపం అనకండి. ఎవరు ఎక్కడ ఇల్లు కట్టుకోవాలో కులం గీసిన గీత అది.

బైబిల్లో యోబు సంగతి మీ అందరికీ తెలుసు. పిల్లలు పోయారు, ఆస్తి పోయింది, ఒళ్ళంతా కురుపులు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు ఓదార్చడానికొచ్చారు. మొదటి ఏడు రోజులూ మాట్లాడకుండా నేల మీద అతని పక్కనే కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచాక, నువ్వేదో పాపం చేసుంటావు, అందుకే నీకీ గతి అన్నారు. యోబు ఒప్పుకోలేదు. దేవుణ్ణే నిలదీశాడు. ఆఖర్న దేవుడు ఎవరి మీద కోప్పడ్డాడండీ? నిలదీసిన యోబు మీద కాదు, తన తరపున తప్పుడు మాటలు చెప్పిన ఆ స్నేహితుల మీద. కాబట్టి అడగడం అవిశ్వాసం కాదు. మా మామ్మ యోబు పక్షాన నిలబడింది.

ఇంకొకటి చూడండి. విశ్వాసులకు తండ్రి అని మనం చెప్పుకునే అబ్రాహాముకి, ఆ దేశమంతా నీదే అవుద్దని దేవుడు మాటిచ్చాడు. కానీ భార్య శారా చనిపోయిననాడు ఆయనకి ఆమెని పూడ్చడానికి అడుగు నేల లేదు. అప్పుడాయన, దేవుడు ఎలాగూ ఇస్తానన్నాడు కదా, ఎక్కడో ఒకచోట పూడ్చేద్దాం అనుకోలేదు. ఊరి ద్వారం దగ్గర హేతు కుమారుల ముందు నిలబడ్డాడు. మా సమాధుల్లో నీకిష్టమైనదాంట్లో పూడ్చుకో అన్నారు వాళ్ళు. ఊరికే ఇస్తానన్నాడు భూమి యజమాని ఎఫ్రోను. అబ్రాహాము దేనికీ ఒప్పుకోలేదు. నాలుగు వందల తులాల వెండి అందరి ముందు తూచి ఇచ్చి, మక్పేలా గుహని, పొలాన్ని, పొలంలో చెట్లతో సహా తన పేరు మీద స్థిరం చేయించుకున్నాడు. ఇవాళ్టి మన భాషలో చెప్పాలంటే సాక్షుల ముందు రిజిస్ట్రేషను చేయించుకున్నాడు. ఎందుకు? దయతో ఇచ్చిన చోటు, దయ తప్పిననాడు పోద్ది. మన కాలవ గట్టు అలాంటిదే. ఎవరూ వద్దనలేదు కాబట్టి పూడుస్తున్నాం. అది మనదన్న కాగితం లేదు.

మన నిరీక్షణ పునరుత్థానం. ఆ రోజు మృతులు లేస్తారని నమ్ముతాం. ఆత్మ ఒక్కటే లేస్తదని నమ్మట్లేదు, శరీరం లేస్తదని నమ్ముతున్నాం. శరీరానికి దేవుడి దగ్గరే అంత విలువుంటే, దాన్ని బురదలో తొక్కిపెట్టి, మట్టికేముంది అని మనం ఎలా అంటాం? పునరుత్థానాన్ని నమ్మినవాడే అందరికంటే గట్టిగా సమాధి అడగాలి.

మన పెద్దలు ఈ విశ్వాసంలోకి ఊరికే రాలేదు. 1836లో ఇంగ్లండు నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ వచ్చి, తర్వాత నరసాపురం, పాలకొల్లు వైపు పనిచేశారు. 1845 నుంచి రాజమండ్రిలో లూథరన్ మిషన్ ఉంది. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలై 1852కి పూర్తయింది. డెల్టా అన్నపూర్ణ అయింది. ఆ నీళ్ళు పారిన భూమి మీద మన తాతలకి పని దొరికింది గానీ భూమి దొరకలేదు. పాలేరుతనం పోలేదు. అప్పుడు గుడి మనకేమిచ్చింది? చాప మీద సమానంగా కూర్చునే చోటిచ్చింది. పలక ఇచ్చింది. "ఒరేయ్" తప్ప వినని చెవులకి ఒక పేరిచ్చింది. అది చిన్న సంగతి కాదు. ఆ పేరుతో పిలిపించుకున్ననాడు మా తాతల నడుములు కొంచెం నిటారయ్యాయి.

కానీ ఆ పేరుకి వెల కూడా కట్టారు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివాళ్ళని ఎస్సీ జాబితాలోంచి తీసేసింది. 1956లో సిక్కు దళితుల్ని, 1990లో బౌద్ధ దళితుల్ని చేర్చారు. క్రైస్తవ దళితుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో మనకిచ్చింది బీసీ-సి, ఒక్క శాతం. మతంతో ఈ ముడి తీసెయ్యమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2025లో మన హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవాడికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని తీర్పిచ్చింది. మతం మారితే కులం పోద్దని కాగితం చెప్తది. కాలవ గట్టుకి మాత్రం ఆ సంగతి తెలీదు. మనల్ని అక్కడే పూడ్చమంటది.

అందుకే మన ఇళ్ళల్లో చాలామందికి రెండు పేర్లు. గుళ్ళో మార్తమ్మ, రేషను కార్డులో లక్ష్మి. చచ్చిపోతే సిలువ మీద ఒక పేరు, మరణ ధృవపత్రం మీద ఒక పేరు. శ్మశానం కావాలని ఆఫీసుకెళ్తే, "ఎస్సీ శ్మశానమా, క్రిస్టియన్ శ్మశానమా?" అని గుమస్తా అడుగుతాడు. మనం భయపడి వెనక్కొచ్చేస్తాం. ఎందుకండీ భయం? శ్మశానం చూడటం పంచాయతీ విధి. అది మనిషికిచ్చేది. ఈ పేటలో చచ్చిపోయినవాళ్ళు ఈ ఊరి మనుషులు. అంతే జవాబు.

ఇది మన ఒక్క పేట బాధ కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ఒక దళిత పాస్టరు 2025 జనవరి 7న చనిపోతే, సొంత ఊళ్ళో పూడ్చనివ్వలేదు. శవం దాదాపు మూడు వారాలు మార్చురీలో ఉంది. కొడుకు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా చెప్పారు. చివరికి ఇరవై కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న క్రైస్తవ శ్మశానంలో పూడ్చమన్నారు.

చుండూరు గుర్తుందా? 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపి గోనెసంచుల్లో కట్టి కాలవలో పడేశారు. ఆ చనిపోయినవాళ్ళలో బైబిలు పేర్లవాళ్ళున్నారు. బతికినవాళ్ళు తమ మృతుల్ని ఊరి చివర దాచలేదు, ఊరి నడుమ పూడ్చారు. ఆ చోటుకి రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. కోర్టు ఊళ్ళోకే రావాలని పట్టుబట్టి తెప్పించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు కొట్టేసింది. బాధితులు సుప్రీంకోర్టుకెళ్ళారు. ఆ ఆడవాళ్ళు ఎన్నేళ్ళు తిరిగారో లెక్కేసుకోండి.

యేసు చెప్పిన ఒక కథ ఉంది. దేవుడంటే భయం లేని, మనిషంటే లెక్కలేని ఒక న్యాయాధిపతి దగ్గరికి ఒక విధవరాలు న్యాయం చేయమని మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. ఆఖరికి ఆమె పోరు పడలేక న్యాయం చేశాడు. విసుగులేకుండా ప్రార్థించడమంటే ఏంటో చెప్పడానికి యేసు ఈ కథ చెప్పాడు. ప్రార్థనకి ఉదాహరణగా ఆయన చూపించింది మోకాళ్ళ మీదున్న మనిషిని కాదు, ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషిని! నిరీక్షణంటే చేతులు కట్టుకుని ఎదురుచూడ్డం కాదండీ. నిన్న పొమ్మన్న గుమ్మానికి ఇవాళ మళ్ళీ వెళ్ళడం.

మనల్ని మనం కూడా ఒకమాట అనుకోవాలి. క్రీస్తులో ఒక్కటే అని పాడతాం. కానీ గోతుల దగ్గర మాలలొక పక్క, మాదిగలొక పక్క. ఆ సంఘం వాళ్ళ చోట్లో ఈ సంఘం వాళ్ళని పూడ్చనివ్వరు. మనలో మనమే గట్లు వేసుకుని, ఊరి గట్టు తియ్యమంటే ఎవడు వింటాడు? అడిగితే రెండు పేటలూ కలిసి ఒక్క శ్మశానమే అడగాలి.

ఇక రేపటి పని. మొదట ఆ కాలవ గట్టు ఏ సర్వే నంబరులో ఉందో, ఈ ఊళ్ళో శ్మశానమని రికార్డులో రాసిన భూమి ఏదైనా ఉందో, ఎంత ఉందో, ఇప్పుడెవరి చేతిలో ఉందో సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. 2005 నుంచి ఆ చట్టం ఉంది, మనం వాడట్లేదు. గ్రామసభలో తీర్మానం పెట్టిద్దాం: పేటలకి మెరక నేల, దానికి దారి, దానికి కాగితం. కుదరదంటే కలెక్టరు ఆఫీసుకి సోమవారం అర్జీల రోజున వెళ్దాం. రసీదు లేకుండా వెనక్కి రావద్దు. అర్జీ నేను రాస్తాను. మొదటి సంతకం, సంతకం రాకపోతే వేలిముద్ర, ఆడవాళ్ళు పెట్టాలి. అయ్యగారు మాతో ఆఫీసుకి రావాలని అందరి ముందూ అడుగుతున్నాను. ప్రార్థన చేసే బయల్దేరదాం, ఆటోలో ఆయన పక్కన నేను కూర్చుంటాను.

నేల వెంటనే రాకపోవచ్చు. మొదటిసారి పొమ్మంటారు. రెండోసారి రేపు రమ్మంటారు. విశ్వాసం ఉందో లేదో తేలేది మూడోసారి వెళ్ళేటప్పుడు.

పెద్దమ్మని ఆ నీళ్ళలోంచి మనం లేపలేం. లేపేవాడు వేరే ఉన్నాడని నమ్ముతున్నాం. కానీ ఈ పేటలో ఇంకే కొడుకూ తన తల్లి పెట్టె మీద కాలు పెట్టకూడదు. అది మన చేతిలో ఉంది. ఆమెకి మనమిచ్చే ఆదరణ అదే.

వచ్చే సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి గుడి దగ్గర కలుద్దాం.