శాంపిల్ పాసైంది సరే, ఎన్ని లీటర్లు వదిలారు?

నర్సీపట్నం నుంచి మళ్ళీ వచ్చేశా. మన జిల్లాలోనే పరవాడ ఫార్మా సిటీ ఉంది కదా, అందుకే ఈ టాపిక్. ఫ్యాక్టరీ వ్యర్థ జలాలు బయటికి వదలాలంటే 1974 నీటి చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. సాధారణ పరిమితి ఏంటంటే, వాగులూ నదుల్లోకైతే బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు, సముద్రంలోకైతే 100. బీఓడీ అంటే మురికిని తినే సూక్ష్మజీవులు నీళ్ళలోంచి లాగేసే ఆక్సిజన్. ఆక్సిజన్ తగ్గితే చేపలు చస్తాయి.

ఇప్పుడు లెక్క చూడండి. లీటరుకు 30 చొప్పున లక్ష లీటర్లు వదిలితే 3 కిలోలు. పది లక్షలైతే 30 కిలోలు. శాంపిల్ మాత్రం రెండుసార్లూ పాసే! మంచినీళ్ళు కలిపి పలచన చేసినా పాసే. అందుకే అనుమతి పత్రంలో రోజుకి ఎన్ని కిలోలీటర్లు వదలొచ్చో కూడా రాస్తారు. కాబట్టి ల్యాబ్ రిపోర్ట్ ఒక్కటే చూసి ఓకే అనకండి, ఫ్లో మీటర్ రీడింగ్ కూడా అడగండి.