స్టెప్పు మార్కులు దయ కాదు, హక్కు
(తర్లుపాడులో టెన్త్ పిల్లలు, తల్లిదండ్రుల మీటింగులో చేసిన ప్రసంగం పాఠం)



కూలి గురించి, భూమి గురించి ఎన్నో మీటింగులు పెట్టుకున్నాం. మార్కుల సంగతి మాత్రం పంతుళ్లకు వదిలేస్తాం. 35 వస్తే పాసు. 33 దగ్గర ఆగితే చాలామంది పిల్లలు అమ్మానాయనల వెంట మిరపకోతలకు పోవాల్సిందే. ఆ రెండు మార్కులు ఎక్కడ పోయినయో అడగాలా, వద్దా?

మన మార్కాపురం పలక మీద పిల్లోడు లెక్క చేస్తే మంచి పంతులు ఆఖరి జవాబు ఒక్కటే చూడడు. సూత్రం రాసినాడా, ఎక్కడ జారినాడు అని చూస్తాడు. టెన్త్ పేపరు దిద్దేటప్పుడూ స్టెప్పుకింత అని మార్కులుంటాయి. అదే ఇంజనీరింగ్ ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే. దిద్దేది కంప్యూటరు. నాలుగు స్టెప్పులు సరిగ్గా చేసి ఐదో దాంట్లో జారిన పిల్లకు సున్నా. గుడ్డిగా గుర్తు పెట్టి తప్పినోడికీ సున్నా.

మిషనుకు ఇంతకన్నా చేతకాదా? అవుతుంది. ఇంగ్లండులో క్రిస్ సాంగ్విన్ అనే లెక్కల మాస్టారు 2004 ప్రాంతంలో ‘స్టాక్’ అనే పద్ధతి మొదలుపెట్టినాడు. ఎక్స్ ప్లస్ 3 హోల్ స్క్వేర్ ఎంత అని అడిగారనుకోండి. జవాబు ఎక్స్ స్క్వేర్ ప్లస్ 6ఎక్స్ ప్లస్ 9. పిల్ల దీన్ని ముందువెనకలుగా రాసినా రెండూ ఒకటేనని మిషను లెక్కగట్టి చూస్తుంది. 6ఎక్స్ మరిచి ఎక్స్ స్క్వేర్ ప్లస్ 9 అని రాస్తే, ‘ఈ తప్పుకు సగం మార్కులు’ అని మాస్టారు ముందే రాసిపెట్టి ఉంటే సగం ఇస్తుంది. రాసిపెట్టకపోతే సున్నా.

కీలకం ఇక్కడుంది. మిషనుకు జాలి లేదు, కక్షా లేదు. ఏ తప్పుకు ఎన్ని మార్కులో రాసేది మనిషి. ఆ మనిషికి ట్యూషన్ లేని మన పల్లె పిల్లలు లెక్క చేసే తీరు తెలియాలి. ఎవరూ ఊహించని దారిలో మన పిల్ల సరిగ్గా చేస్తే, చూసే కన్ను ఉండాలి.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు చూశాం. దిద్దింది మనుషులే. మార్కుల్ని గుండ్రాలు నింపి మిషనుకిచ్చినారు. తెలుగులో 99 వచ్చిన పిల్లకు సున్నా పడింది. 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. జనం రోడ్డెక్కినాకే ఫెయిలైన వాళ్ల పేపర్లన్నీ ఉచితంగా మళ్లీ చూసినారు. వెయ్యిమందికి పైగా పాసైనారు! పిల్లలారా, మార్కుల కాగితం తప్పు కావచ్చు. దానికోసం ప్రాణం తీసుకోవద్దు. మా దగ్గరకు రండి, కలిసి అడుగుదాం.

దిద్దిన పేపరు చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నోళ్లకు ఫీజు లేదు.

మన డిమాండ్లు మూడు. మిషను దిద్దినా, మనిషి దిద్దినా స్టెప్పు మార్కులుండాలి. ఏ తప్పుకు ఎంత కోస్తారో ముందే బయటపెట్టాలి. అనుమానముంటే పైసా తీసుకోకుండా ఒక మనిషి మళ్లీ చూడాలి.

అంబేడ్కర్ చదవమన్నాడు. చదివినదానికి లెక్క అడగడం కూడా చదువే. జై భీమ్!