బల్లమీది బ్రాంచి లైను
(సంవత్సరాది సభలో చేసిన ఉపన్యాసం)



పక్క గదిలో బల్లలమీద అమర్చిన రైలును పొద్దుట చూచినవారు నన్ను రెండు ప్రశ్నలు అడిగినారు. ఇంజను ఖరీదు ఎంత అన్నది మొదటిది. ఇది గుండ్రంగా ఎందుకు తిరగదు అన్నది రెండవది. మొదటిదానికి మన కోశాధికారిగారే సమాధానం చెప్పగలరు. ఆ లెక్క ఆయనకు బాగా జ్ఞాపకం. రెండవదానికి జవాబు చెప్పే భారం నామీద ఉన్నది.

గుండ్రంగా తిరిగే రైలు చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. కాని పది నిమిషాలు గడిచేసరికి పిల్లవాడు దాని ముందు చెప్పో, పుస్తకమో అడ్డం పెట్టి పడవేయడం మొదలుపెడతాడు. వాడి తప్పు లేదు. ఆ రైలు ఎక్కడినుంచీ రాలేదు, ఎక్కడికీ పోదు. దానికి పని లేదు, అందుచేత వాడికీ పని లేదు. రైలుకు ఒక ఊరినుంచి మరొక ఊరికి పోవలసిన అవసరం కల్పించినామంటే కథ మారిపోతుంది. అటువంటి అవసరాన్ని కొద్ది చోటులో, కొద్ది ఖర్చుతో చూపించడానికి బ్రాంచి లైనును మించినది లేదు. ఒక చివర జంక్షను, మరొక చివర పట్టాలు ఆగిపోయే ఊరు, నడుమ ఒక్క జత పట్టాలు. రోజుకు నాలుగైదు బండ్లు.

మేము ఎన్నుకొన్నది నౌపడ – గుణుపురం లైను. ఇక్కడున్న మన కుటుంబాలలో చాలామందికి దానితో పరిచయం ఉన్నది గనుక దాని చరిత్ర రెండు ముక్కలలో చెప్పి ముందుకు పోతాను. పర్లాకిమిడి రాజావారు గౌరచంద్ర గజపతిగారు తమ రాజధానిని మద్రాసు – హౌరా పెద్ద లైనుతో కలపదలచి రెండున్నర అడుగుల గేజితో ఈ దారి వేయించినారు. 1900లో నౌపడనుంచి పర్లాకిమిడి వరకు, సుమారు 40 కిలోమీటర్లు, బండ్లు నడిచినవి. 1931 నాటికి అది గుణుపురం చేరి మొత్తం 90 కిలోమీటర్లయినది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయినది. నౌపడ, టెక్కలి, పాతపట్నం ఇటు ఉండిపోయినవి. గిడుగు రామమూర్తి పంతులుగారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఆ ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరింది ఆ సంవత్సరమే. రైలు మాత్రం ఏ పక్షమూ వహించక రెండు వైపులా జనాన్ని దించుతూ, ఎక్కించుకొంటూ పోయింది. 2004లో చిన్న గేజిని ఎత్తివేసినారు. 2011లో గుణుపురం వరకు పెద్ద గేజి బండి వచ్చింది. సౌకర్యం పెరిగింది, సందేహం లేదు. అయితే ఆ చిన్న బండి ఎక్కినవారికి దాని మాట ఎత్తితే ముఖం వికసిస్తుంది. ఇప్పుడు పుట్టే పిల్లలకు అది ఏమిటో తెలియదు.

ఇక లెక్కలకు వస్తాను. ప్రపంచంలో ఈ సరదాగలవారు ఎక్కువగా వాడే కొలత హెచ్.ఓ. అనే స్కేలు. అసలు వస్తువులో 87వ వంతు అన్నమాట. ఐదున్నర అడుగుల మనిషి ఇందులో 19 మిల్లీమీటర్లు ఉంటాడు. మన పెద్ద గేజి 1676 మిల్లీమీటర్లు. దానిలో 87వ వంతు 19 మిల్లీమీటర్లకు పైమాట. కాని ఈ స్కేలుకు అంగడిలో దొరికే పట్టాలు విదేశపు గేజిని అనుసరించి 16.5 మిల్లీమీటర్ల ఎడంతో తయారవుతాయి. అందుచేత మన పెద్ద బండిని వాటిమీద నిలబెడితే లావుపాటివాడు ఇరుకు చెప్పులు తొడుక్కొన్నట్లు ఉంటుంది. న్యారోగేజి సంగతి చూడండి: 762ను 87తో భాగిస్తే 8.76. ఎన్ స్కేలువారి పట్టాలు సరిగా 9 మిల్లీమీటర్లు! పావు మిల్లీమీటరు తేడాను ఏ కన్ను పట్టగలదు? పెద్ద లైనుకు కుదరని అదృష్టం మన చిన్న లైనుకు పట్టింది.

కాని 90 కిలోమీటర్లలో 87వ వంతు కూడా కిలోమీటరు దాటుతుంది. మన హాలు పొడవు తమకు తెలుసు. కాబట్టి ఏమి ఉంచాలి అన్నదానికంటె ఏమి వదలాలి అన్నదే పెద్ద చర్చ అయినది. టెక్కలివారు టెక్కలి పెట్టమన్నారు. పాతపట్నంవారు అలిగినారు. పర్లాకిమిడివారు రాజావారు వేయించిన లైను రాజధాని లేకుండా ఎట్లా అన్నారు. చివరకు గుణుపురం ఒక్కటే పెట్టినాము. పక్షపాతంవల్ల కాదు. మధ్య స్టేషనుకు రెండు పక్కలా దారి కావాలి, రెండు పక్కలా బండ్లు దాచే చోటు కావాలి. చివరి స్టేషనుకు ఒక్క పక్క చాలు. ఎనిమిదడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల బల్లమీద ఐదడుగులు గుణుపురం. ఆపైన ఒక కొండ. కొండ వెనుక మూడడుగుల చాటు యార్డు. ఆ యార్డుకు నౌపడ అని బోర్డు కట్టినాము. టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగరం అన్నీ ఆ కొండ వెనుకనే ఉన్నవని భావించవలెను. అలిగినవారి అలక ఇంకా పూర్తిగా తీరలేదు.

బల్ల తయారీ గురించి ఎక్కువ చెప్పను. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ప్లైవుడ్డు వానాకాలంలో వంగుతుంది గనుక కింద చట్రం బిగించి, చెక్కకు నాలుగు పక్కలా వార్నీషు పూయవలెను. ఎండకాలంలో పట్టాలు సాగుతాయి. అతుకుల దగ్గర విజిటింగు కార్డు మందాన సందు వదలాలి. నడిపించేది 12 వోల్టుల కరెంటు గనుక పిల్లలు ముట్టుకొన్నా భయం లేదు. రెండు పట్టాలలో ఒకటి ధనం, ఒకటి ఋణం. వాటిని తారుమారు చేస్తే ఇంజను వెనక్కు నడుస్తుంది. నూటికి తొంభై వంతులు ఇంజను ఆగిపోయేది పట్టాలమీది దుమ్మువల్లనే. మంచి గుడ్డతో తుడిస్తే రిపేరు అయిపోతుంది. అసలు లైనులో ఆరు పెద్ద చక్రాలు, వెనుక నాలుగు చిన్న చక్రాలు గల టాంకు ఇంజనులు ఉండేవి. మేము ఎన్ స్కేలు ఇంజను అడుగుభాగం కొని, పైభాగాన్ని దళసరి అట్టతో కత్తిరించి అతికించినాము.

ఇప్పుడు అసలు సంగతి. బండి గుణుపురం వచ్చింది. ఇంజను, రెండు పెట్టెలు, మూడు వ్యాగన్లు, గార్డు బ్రేకు. ఇంజను ముందు పట్టాల చివరి దిమ్మ ఉన్నది, వెనుక తాను తెచ్చిన బండి ఉన్నది. నడుమ చిక్కుకొన్నది! తిరుగు ప్రయాణానికి అది రెండవ కొసకు పోవాలి. అందుకని పక్కన ఒక లూప్ లైను వేస్తారు. కొక్కెం విప్పి, ఇంజను నాలుగంగుళాలు ముందుకు పోయి, పాయింట్లు మార్చగా లూప్‌లోంచి వెనక్కు నడిచి, బండి అవతలి కొసకు వచ్చి తగులుకొంటుంది. ఈ ఒక్క పనిలో ఎన్ని లెక్కలు ఉన్నవో చూడండి. మా బండి 60 సెంటీమీటర్లు. లూప్ 65 సెంటీమీటర్లు ఉండవలెను. దిమ్మకూ పాయింట్లకూ మధ్య ఇంజను నిలిచేటంత చోటు ఉండవలెను. అది ఒక్క సెంటీమీటరు తగ్గినా లైను యావత్తూ పనికిరాదు.

తరువాత ఉప్పు వ్యాగను ఉన్నది. నౌపడ ఉప్పు మళ్లకు పేరుపొందిన చోటు గనుక మా బల్లమీద పైకి వచ్చే ముఖ్యమైన సరుకు ఉప్పు. కిందికి పోయేది బియ్యం, చింతపండు. దిమ్మ పక్కకు మొగమున్న సైడింగులోకి వ్యాగను పెట్టాలంటే ఇంజను దాని వెనుక ఉండి నెట్టాలి. ముందు ఉండి లాగితే తానే లోపల బందీ అవుతుంది. కనుక ముందు లూప్‌లో తిరిగి రావాలి, ఆ తరువాత నెట్టాలి. ఆ సైడింగులో ఇదివరకే ఖాళీ వ్యాగను ఉంటే దానిని ముందు బయటికి తీయాలి. ఎక్కడ పెట్టాలి? ప్లాట్‌ఫారం లైనులో పెట్టెలు ఉన్నవి. లూప్ ఖాళీగా ఉండాలి. పదేళ్ల పిల్లలు మోచేతులు బల్లకు ఆనించి పావుగంట ఆలోచించడం నేను కళ్లారా చూచినాను. లెక్కల పుస్తకం ముందు ఇంతసేపు కూర్చోలేదని వారి తల్లులు చెప్పినారు.

ఒక్కొక్క వ్యాగనుకు ఒక చీటీ ఉన్నది. "నౌపడనుంచి గుణుపురం, ఉప్పు" అని ఒక వైపు, "ఖాళీ, నౌపడకు" అని మరొక వైపు. చీటీ చెప్పినట్లు వ్యాగను పోవలెను, పిల్లవాడికి తోచినట్లు కాదు. ఇంకొక నియమం రంగు వేసిన కర్రముక్క. లైనుమీద ఒకే ఇంజను ఉండే బ్రాంచీలలో, ఆ కర్ర చేతిలో లేని డ్రైవరు బండి కదపరాదన్నది రైల్వేల పాత కట్టుబాటు. రెండు బండ్లు ఎదురుపడే ప్రమాదం దానితో తీరిపోతుంది. మా గదిలో ఇద్దరు అన్నదమ్ముల తగాదా కూడా దానితోనే తీరింది: కర్ర ఉన్నవాడే డ్రైవరు, మరొకడు స్టేషను మాస్టరు. స్టేషను మాస్టరు జెండా ఊపకపోతే డ్రైవరుకు దిక్కులేదని తెలిసిన తరువాత, డ్రైవరు పని ఎవరికీ అంత ముద్దు రావడం లేదు.

వేగం గురించి ఒక మాట. పిల్లల చేతికి మీట ఇస్తే ఇంజను సెకండుకు మీటరు పరుగెత్తుతుంది. దానిని 87తో గుణిస్తే గంటకు 313 కిలోమీటర్లు! గంటకు 30 కిలోమీటర్ల చొప్పున నడవవలెనంటే సెకండుకు పది సెంటీమీటర్లు కూడా పోకూడదు. జానెడు దూరం రెండు సెకండ్లు. ఆ నెమ్మది అలవాటు పడితే ఎనిమిదడుగుల బల్ల ఎంతో పెద్దదవుతుంది.

ఈ సరదా చిన్నపిల్లలదని ఎవరైనా అనుకొంటే, ఇంగ్లండులో పీటర్ డెన్నీ అనే మతాచార్యుని గురించి చెప్పవలెను. ఆయన బకింగ్‌హాం అనే ఊరి పేర ఒక బ్రాంచి లైను కట్టి దశాబ్దాలపాటు పెంచుకొంటూ పోయినాడు. అవతలి కొసను నడిపేందుకు తన కుమారుడు క్రిస్పిన్‌కు బదులుగా ఒక యంత్రం చేసి, దానికి "ఆటోమాటిక్ క్రిస్పిన్" అని పేరు పెట్టినాడు. మన దేశంలో పూణె వెళ్లేవారు, 1998లో ప్రారంభమైన జోషీగారి చిన్న రైళ్ల మ్యూజియం చూచి రావచ్చును.

మా గుణుపురంలో ఇంకా సగం బల్ల ఖాళీగానే ఉన్నది. అది డబ్బు లేక కాదు. మాకు దొరికిన ఫొటోలలో అన్నిటిలోనూ ఇంజనే ఉన్నది. పొగ, చక్రాలు, నంబరు పలక, అన్నీ స్పష్టం. ప్రయాణికులు కూర్చున్న చోటు లేదు. టిక్కెట్ల కిటికీ ఏ గోడకు ఉండేదో లేదు. నీళ్ల కుండలు పెట్టిన అరుగు, టీ అమ్మే మనిషి నిలిచిన చెట్టు, అవేవీ కనబడవు. కెమెరా పట్టుకొని వచ్చినవాడికి అవి అక్కరలేదు. బండి ఎక్కినవాడికి అవే జ్ఞాపకం. ఆ బండి ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటినవి. పెళ్లికూతురుగా దానిలో కాపురానికి వచ్చిన మామ్మగార్లు ఈ సభలో ఉన్నారు. ఊహతో ఒక చెట్టు నాటవచ్చును. కాని వారు వచ్చి, "చెట్టు ఇటు కాదురా నాయనా, అటు" అన్న తరువాతనే నాటుదామని మా పిల్లలు పట్టుపట్టినారు.

అందుచేత భోజనాలకు పోయేముందు దయచేసి పక్క గదికి రండి. బల్ల చివర ఒక నోటుపుస్తకం, పెన్సిలు ఉన్నవి. వ్రాయలేనివారు చెప్పితే పిల్లలు వ్రాసుకొంటారు. గుణుపురంలో బండి దిగగానే ఊళ్లోకి పోయే దారి కుడి పక్కనా, ఎడమ పక్కనా? ప్లాట్‌ఫారం ఎంత ఎత్తు, మోకాలివరకా, అంతకు తక్కువా? ముందుగా ఈ రెండు కావాలి. పన్నెండు గంటల బండి నౌపడలో సిద్ధంగా ఉన్నది. కర్ర ఈవేళ ఎవరి చేతిలో ఉన్నదో నాకు తెలియదు.