సైకిలు మీద కచేరీ సంచి

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగం)



ఉగాది నాడు గొప్ప విషయాలు చెప్పడానికి పెద్దలున్నారు. మేము రైల్వే గుమాస్తాలము, సైకిలు మీద కచేరీకి పోయేవారము. మాకు తెలిసిన చిన్న సంగతి మనవి చేస్తాము.

మల్లేశ్వరం నుండి మెజెస్టిక్ దూరం కొద్దే. కాని బెంగుళూరు మిట్టపల్లాల ఊరు. మిట్ట ఎక్కేటప్పుడు వీపున ఉన్న సంచి చొక్కాను తడుపుతుంది, భుజాలను లాగుతుంది. ల్యాప్‌టాప్ రెండు కిలోలే గాని, చార్జరూ ఫైళ్లూ క్యారేజీ కలిస్తే బరువే.

సంచిని వెనుక క్యారియరు పక్కన తగిలిస్తే బరువు సైకిలు మోస్తుంది. అయితే గుంటల కుదుపు యంత్రానికి తగులుతుంది. అందుచేత దానికి మెత్తని తొడుగు వేసి, అడుగున మడత పెట్టిన తువ్వాలు ఉంచాలి. పూర్తిగా ఆపిన తరువాతే సంచిలో పెట్టాలి. లేకుంటే లోపలే వేడెక్కవచ్చు. కాగితాలను అట్టల మధ్య పెట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి మడవాలి. క్యారేజీ వేరే ఉండాలి. పప్పుచారుకు ఫైలని తెలియదు కదా!

ఇది మేము తప్పు చేసి నేర్చుకున్నది. 2022 సెప్టెంబరులో ఇక్కడి రోడ్లు చెరువులైన రోజులలో, ఒక సాయంకాలం వాన పట్టుకున్నది. రెయిన్‌కోటు తీసి ల్యాప్‌టాప్‌కు కప్పాము, కాగితాలను మరచాము. అందులో చనిపోయిన ఒక గ్యాంగ్‌మన్ భార్య పెట్టుకున్న పింఛను దరఖాస్తు ఉన్నది. ఆమె వేలిముద్ర అలుక్కుపోయింది. ఆమె హిందూపురం నుండి మళ్లీ రైలెక్కి వచ్చి, మళ్లీ వేలు అద్దింది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనివుంటే బాగుండేది.

యంత్రం పోతే మరొకటి కొనవచ్చు. సంచిలోని కాగితం ఎవరి బ్రతుకో! ఈ కొత్త సంవత్సరంలో ముందు దానిని తడవకుండా చూసుకుందాము.